అంపైర్ లేని ఆట: గోల్ఫ్‌లో మోసం, నిజాయితీ, టెక్నాలజీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆదివారం బృందంలో స్కోర్‌కార్డులు సరిచూసే పని కొన్నేళ్ళుగా నా నెత్తినే ఉంది. ఆట అయ్యాక చాయ్ దగ్గర మొదలయ్యే గొడవలు దాదాపు ఎప్పుడూ అవే. "కావాలని చేయలేదు కదా, పెనాల్టీ ఎందుకు?" "ఫోన్ చూడొచ్చా?" "టీవీ వాళ్ళు లెక్సీ థాంప్సన్‌నే ఎందుకు పట్టుకున్నారు?" అమెరికాలో కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టిన మా బంధువుల పిల్లలూ వాట్సాప్‌లో ఇవే అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఇలా రాసిపెట్టాను. ఏ ప్రశ్న తెరిచినా జవాబు అక్కడికక్కడే అయిపోతుంది. నియమాలు 2023 పుస్తకంలోవి. మీ పోటీకి విడిగా స్థానిక నియమాలు ఉంటే ముందు వాటిని చూసుకోండి.

## టీ (మొదటి షాట్ కొట్టే చోటు) దగ్గరికి వెళ్ళకముందు

అంపైర్ లేకుండా ఇంత పెద్ద ఆట ఎలా నడుస్తోంది? అందరూ అంత మంచివాళ్ళా?

కాదు, అందరిలాంటి మనుషులే. పద్దెనిమిది హోల్స్ మీద వంద మందికి పైగా చెల్లాచెదురుగా ఆడుతుంటే ఒక్కొక్కరి వెనక ఒక రిఫరీని నిలబెట్టడం కుదరదు. అందుకే నియమం తెలుసుకోవడం, తప్పు జరిగితే చెప్పడం, పెనాల్టీ వేసుకోవడం ఆటగాడి పనే అని నియమాల పుస్తకం మొదట్లోనే రాసిపెట్టారు. పెద్ద టోర్నమెంట్లలో రిఫరీలు ఉంటారు గానీ చాలావరకు పిలిస్తే వస్తారు.

అలాగని ఇది గుడ్డి నమ్మకం కాదు. స్ట్రోక్ ప్లేలో (బంతిని కొట్టిన ప్రతి దెబ్బా, అంటే స్ట్రోక్, లెక్కేసే ఆట; తక్కువ ఉన్నవారే గెలుస్తారు) మీ అధికారిక స్కోరు రాసేది మీతో ఆడే ఇంకొకరు. ఆయనే మీ మార్కర్. చివర్లో ఇద్దరూ సంతకం పెట్టాలి. మన ఇళ్ళలో పాలవాడి లెక్క లాంటిదే. ఆయన తన పుస్తకంలో రాసుకుంటాడు, మనం క్యాలెండర్ మీద గీత పెట్టుకుంటాం, నెలాఖరున రెండూ కలవాలి. ఎవరినీ అనుమానించక్కర్లేదు, ఎవరినీ దేవుడనుకోనక్కర్లేదు.

నియమాలు ఎవరు రాస్తారు? మన దేశంలో వేరేగా ఉంటాయా?

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఉన్న ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ అనే గోల్ఫ్ సంస్థలు కలిసి రాస్తాయి. 2019లో పుస్తకాన్ని దాదాపు తిరగరాశారు, 2023లో మళ్ళీ సవరించారు. కోల్‌కతాలో 1829 నుంచీ గోల్ఫ్ క్లబ్ ఉన్న దేశం మనది, ఇక్కడ విడి పుస్తకమేమీ లేదు. అమెరికాలోని అగస్టాలో ఆడినా, గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లాలో ఆడినా, విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడినా అవే నియమాలు. మారేది స్థానిక నియమాలు మాత్రమే.

పొరపాటుకూ మోసానికీ పుస్తకంలో తేడా ఉందా?

ఉంది. అందరూ తికమకపడేది ఇక్కడే. పెనాల్టీ స్ట్రోక్ అంటే మీ గుణం మీద వేసిన మచ్చ కాదు, దొరికిన లాభాన్ని సరిచేసే లెక్క. కావాలని చేశారా లేదా అని చాలా నియమాలు అడగవు. నియమం తప్పామని తెలిసీ పెనాల్టీ వేసుకోకపోతే మాత్రం నేరుగా డిస్‌క్వాలిఫికేషన్. ఇద్దరు ఆటగాళ్ళు కూడబలుక్కుని ఒక నియమాన్ని పక్కన పెడితే ఇద్దరూ ఇంటికే. "ఇవాళ ఎండగా ఉంది, బంతి పోతే పక్కనే వేసేసుకుందాం" అని పోటీలో మాట్లాడుకోవడం కూడా దీని కిందికే వస్తుంది.

గిమ్మీ ఇచ్చుకోవడం (హోల్ దగ్గరి చిన్న షాట్‌ను, అంటే పట్‌ను, కొట్టకుండానే పడినట్టు ఒప్పుకోవడం), మల్లిగన్ కొట్టడం (చెడిన షాట్‌ను లెక్కెయ్యకుండా మళ్ళీ కొట్టడం) మోసమా?

మ్యాచ్ ప్లేలో (హోల్ హోల్‌కూ గెలుపోటములు లెక్కేసే ఆట) ఎదుటివారి పట్‌ను వదిలేయడం నియమాల్లోనే ఉంది. స్ట్రోక్ ప్లేలో మాత్రం బంతి హోల్‌లో పడాల్సిందే. పడేయకుండా తర్వాతి టీ మీద కొట్టేస్తే డిస్‌క్వాలిఫికేషన్. మల్లిగన్ అన్న మాట పుస్తకంలో ఎక్కడా లేదు. స్నేహితుల ఆటలో ముందే అనుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, కానీ ఆ రౌండును హ్యాండిక్యాప్‌కు (మీ ఆట స్థాయిని చెప్పే అంకె) పంపకండి.

## ఆట మధ్యలో

బంతి కనిపించడం లేదు. ఎంతసేపు వెతకొచ్చు?

మూడు నిమిషాలు. 2019కి ముందు ఐదు ఉండేది. మీరు గానీ మీ కేడీ (సంచి మోసే సహాయకుడు) గానీ వెతకడం మొదలుపెట్టినప్పటి నుంచి లెక్క. ఆ తర్వాత దొరికినా అది పోయిన బంతే. ఒక పెనాల్టీ స్ట్రోక్ వేసుకుని, మునుపు కొట్టిన చోటికే వెళ్ళి కొట్టాలి. అందుకే అనుమానం రాగానే "ప్రొవిజనల్ కొడుతున్నా" అని నోటితో చెప్పి ఇంకో బంతి కొట్టండి. చెప్పకుండా కొడితే ఆ రెండో బంతే ఆటలోకి వచ్చేస్తుంది.

జేబులోంచి ఇంకో బంతి జారవిడిచి "దొరికింది!" అనడం ఈ ఆటలో పాతకాలపు మోసం. దానికి మందు కూడా అంతే పాతది. మీ బంతి మీద పెన్నుతో గుర్తు పెట్టుకోండి. మొదటి టీ దగ్గర "నాది 3వ నంబరు, రెండు ఎర్ర చుక్కలు" అని అందరికీ చెప్పండి. మీరు చెబితే మిగతావాళ్ళూ చెప్పక తప్పదు.

గాలికి కదిలిందా, నా వల్ల కదిలిందా? ఎవరు తేలుస్తారు?

ముందు మీరే తేల్చాలి. మీ వల్లే కదిలిందనడానికి దాదాపు ఖాయమైన ఆధారం ఉండాలి. నియమాల ప్రకారం 95 శాతం అన్నమాట. అలా ఉంటే ఒక స్ట్రోక్ వేసుకుని బంతిని పాత చోట పెట్టాలి. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పొరపాటున కదిలిస్తే పెనాల్టీ లేదు, తిరిగి పెట్టేస్తే చాలు.

ఈ వెసులుబాటు వెనక ఒక కథ ఉంది. 2016 యూఎస్ ఓపెన్ చివరి రోజు ఓక్‌మాంట్‌లో, ఐదో గ్రీన్ మీద డస్టిన్ జాన్సన్ బంతి కాస్త కదిలింది. తన వల్ల కాదన్నాడు, అక్కడున్న రిఫరీ సరేనన్నాడు. తర్వాత వీడియో చూసిన అధికారులు పన్నెండో టీ దగ్గర "ఆట అయ్యాక పెనాల్టీ పడొచ్చు" అని చెప్పారు. ఆధిక్యం ఎంతో తనకూ తెలియదు, వెంటపడుతున్నవాళ్ళకూ తెలియదు. చివరికి ఒక స్ట్రోక్ వేశారు, అయినా మూడు తేడాతో గెలిచాడు. మరుసటి ఏడాదే గ్రీన్ మీద ఈ పెనాల్టీని స్థానిక నియమంతో తీసేశారు, 2019లో పుస్తకంలోకి ఎక్కించారు.

కుక్క బంతిని ఎత్తుకుపోతే?

పెనాల్టీ లేదు. ఉన్న చోటును అంచనా వేసి బంతిని అక్కడ పెట్టండి. కానీ కుక్కే తీసుకెళ్ళిందని తెలిసి ఉండాలి, లేదా దాదాపు ఖాయమైన ఆధారం ఉండాలి. "కుక్కే ఎత్తుకుపోయి ఉంటుందిలే" అంటే కుదరదు, అది పోయిన బంతే.

కేడీ నా బంతిని మంచి గడ్డి మీదికి నెట్టాడట. నాకు తెలియకుండా జరిగితే నా తప్పా?

నియమం ప్రకారం పెనాల్టీ మీకే. ఆట నడిచినంతసేపూ కేడీ చేసేది మీరు చేసినట్టే లెక్క. కాలితో నెట్టడాన్ని ఫుట్ వెడ్జ్ అని నవ్వుకుంటాం గానీ, పోటీలో దానికి నవ్వేవాళ్ళు ఉండరు.

నా అభిప్రాయం కూడా చెప్తాను. కేడీ తనంతట తాను ఈ పని నేర్చుకోడు. బంతి బాగున్న రోజు చేతిలో ఎక్కువ డబ్బు పడుతుందని, చెట్టు వెనక దొరికిన రోజు సార్ మొహం మాడుతుందని చూసి నేర్చుకుంటాడు. రోజు కూలీ మీద బతికే మనిషి మీద నేరం తోసేసి "నాకేం తెలుసు" అనడం నాకు అసలు మోసం కంటే అసహ్యంగా అనిపిస్తుంది. మొదటి హోల్ దగ్గరే "తమ్ముడూ, బంతి ఎక్కడుంటే అక్కడే ఉండనీ, నీకిచ్చేది ఎలాగూ ఇస్తాను" అని చెప్పేయండి.

నాతో ఆడే ఆయన స్ట్రోకులు తగ్గించి చెప్తున్నారు. పెద్దాయన. ఎలా అడగాలి?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. ముందుగా, మోసమని తీర్మానించకండి. చెట్లలో రెండు, బంకర్లో (ఇసుక గుంటలో) మూడు కొట్టిన హోల్‌లో మనసు ఒకటి రెండు మింగేస్తుంది, అది నాకూ జరిగింది. తర్వాతి టీ మీద ఎవరూ కొట్టకముందే అడగండి. "సార్, నాకు ఏడు లెక్కొచ్చింది, మీరు ఆరన్నారు, ఒకసారి కలిపి చూద్దామా?" అని, చోటు చోటుగా లెక్కపెట్టండి. టీ మీద ఒకటి, మామిడిచెట్టు దగ్గర రెండు, బంకర్లో మూడు, అలా. సంఖ్య మీద వాదన పెరుగుతుంది, చోటు మీద పెరగదు.

అయినా తేలకపోతే మార్కర్‌గా ఆ స్కోరు కింద సంతకం పెట్టకండి. కార్డు ఇచ్చే ముందే కమిటీకి చెప్పండి. ఇతరుల తప్పు తెలిసినప్పుడు ఆయనకో, మార్కర్‌కో, కమిటీకో చెప్పాలని నియమాలే అంటున్నాయి, చాడీ అనుకోవద్దు. నేనొకసారి మొహమాటానికి సంతకం పెట్టేశాను. ఆ రోజు ఒక్క స్ట్రోక్ తేడాతో రెండో స్థానంలోకి వెళ్ళినాయన ఇప్పటికీ నాతో ఆడుతున్నారు. ఆ సంగతి ఆయనకు తెలియదు. నాకు తెలుసు. ఇంకొక్కటి: ఈ సంగతులు వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.

## చేతిలో పరికరం ఉన్నప్పుడు

లేజర్ రేంజ్‌ఫైండర్‌తో దూరం చూడటం మోసం కాదా?

కాదు. 2019 నుంచి దూరం కొలిచే పరికరాలకు నియమాల్లోనే అనుమతి ఉంది, వద్దనుకున్న కమిటీ స్థానిక నియమంతో ఆపొచ్చు. ఎత్తుపల్లాలు లెక్కేసి చెప్పే స్లోప్ సదుపాయం మాత్రం వాడకూడదు. అది పరికరంలో ఉన్నా ఆపేసి ఉంచితే ఫర్వాలేదు. తప్పితే మొదటిసారి స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకులు, రెండోసారి డిస్‌క్వాలిఫికేషన్. పురుషుల మేజర్లలో (అతిపెద్ద టోర్నమెంట్లలో) మొదట అనుమతించింది 2021 పీజీఏ ఛాంపియన్‌షిప్. యాభై ఏళ్ళ ఫిల్ మికెల్సన్ గెలిచిన టోర్నమెంట్ అదే.

యాప్ "ఏడో ఐరన్ కొట్టు" అని చెబితే వినొచ్చా? చాట్‌బాట్‌ను అడగొచ్చా?

పోటీలో వద్దు. మీ బంతి ఉన్న చోటును బట్టి ఏ క్లబ్‌తో (బంతిని కొట్టే కర్రతో) కొట్టాలో, ఏ దిక్కుకు కొట్టాలో పరికరం సలహా ఇస్తే నియమం తప్పినట్టే. మైదానంలో గాలి వేగాన్ని పరికరంతో కొలవడం కూడా కుదరదు. ఫోన్‌లో మామూలు వాతావరణ సూచన చూడటం, దూరం చూడటం, నియమాల పుస్తకం తెరవడం మాత్రం తప్పు కాదు. చాట్‌బాట్‌ను క్లబ్ గురించి అడిగితే అదీ సలహా ఇచ్చే పరికరమే. కష్టమేమిటంటే, చెవిలో ఏం వినబడుతోందో పక్కవాడికి తెలియదు. మీ ఫోన్‌లో ఆ సదుపాయం ముందే ఆపేసి, ఆపేశానని తోటివాళ్ళకు చెప్పడమే మంచిది.

ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాటలు వింటూ ఆడొచ్చా?

వినొచ్చు. కానీ చప్పుళ్ళు వినబడకుండా చేసుకోవడానికో, స్వింగ్ లయ కుదుర్చుకోవడానికో వింటే తప్పు. ఎందుకు వింటున్నారో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

వాడు కొత్త డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద తల క్లబ్) కొని నాకంటే 40 గజాలు ఎక్కువ కొడుతున్నాడు. ఇది డబ్బుతో మోసం చేయడం కాదా?

క్లబ్ నియమాల పరిధిలో ఉంటే కాదు. డ్రైవర్ తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదు, సంచిలో 14 క్లబ్బులకు మించకూడదు. ముఖం ఎంత స్ప్రింగులా పనిచేస్తుందో కొలిచే పరీక్షలో 239 మైక్రోసెకన్లు పరిమితి, కొలతలో తేడాకు ఇంకో 18 వదులుతారు. నిబంధనకు లోబడిన డ్రైవర్ల జాబితా ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ వెబ్‌సైట్లలో ఉంది. సగం ధరకు వచ్చిన నకిలీ డ్రైవర్ ఆ జాబితాలోది కాదు, పేరు మాత్రమే అచ్చు గుద్దినట్టు ఉంటుంది. అలాంటి దానితో పోటీలో ఒక్క షాట్ కొట్టినా డిస్‌క్వాలిఫికేషన్.

చాలామంది అపార్థం చేసుకునే సంగతి ఇంకొకటి ఉంది. గట్టిగా కొట్టేవాళ్ళ డ్రైవర్ ముఖం వాడకంతో పలుచబడి, కొన్నప్పుడు సరిగ్గా ఉన్నది తర్వాత పరిమితి దాటొచ్చు. 2019 బ్రిటిష్ ఓపెన్‌కు ముందు జాండర్ షాఫలే డ్రైవర్ అలాగే పరీక్షలో ఫెయిలైంది. 2025 పీజీఏ ఛాంపియన్‌షిప్‌కు ముందు రోరీ మెకిల్‌రాయ్‌ది, స్కాటీ షెఫ్లర్‌ది కూడా. షెఫ్లర్ వేరే డ్రైవర్ తీసుకుని ఆ టోర్నమెంటే గెలిచాడు. వాళ్ళను మోసగాళ్ళనడం అన్యాయం. పరీక్ష ఫలితాలు గుట్టుగా ఉంచి, లీకయ్యాక నసగడం వల్లే అనుమానం పుట్టింది.

పొడవు పట్టర్‌ను (పట్ కొట్టే క్లబ్) ఛాతీకి ఆనిస్తున్నారని టీవీలో కనిపిస్తోంది. ఎందుకు పట్టుకోరు?

పొడవు పట్టర్ నిషేధం కాదు. దాన్ని ఒంటికి ఆనించి కొట్టడం 2016 నుంచి నిషేధం. 2011లో కీగన్ బ్రాడ్లీ పొట్టకు ఆనించిన పట్టర్‌తో మేజర్ గెలిచాడు, ఆ తర్వాత ఇంకొందరూ అలాగే గెలిచారు. దాంతో ఈ నిర్ణయం వచ్చింది. 2017లో బెర్న్‌హార్డ్ లాంగర్ చెయ్యి చొక్కాకు తగులుతోందని ప్రేక్షకులు గోల చేశారు, ఆయన నియమం తప్పలేదని యూఎస్‌జీఏ ప్రకటించింది. నియమం అడిగేది కావాలని ఆనించాడా అని. చొక్కా తగిలిందా, ఒళ్ళు తగిలిందా అన్నది ఎంత దగ్గరి కెమెరాకైనా దొరకదు, ఆయన మాటే ఆధారం.

బంతినే వెనక్కి తగ్గిస్తున్నారట, నిజమేనా?

2023 డిసెంబరులో ఆ నిర్ణయం ప్రకటించారు. బంతిని పరీక్షించే యంత్రం వేగాన్ని గంటకు 120 నుంచి 125 మైళ్ళకు పెంచి, దూరం పరిమితిని మాత్రం పాతదే, అంటే 317 గజాలే ఉంచారు. పై స్థాయి పోటీలకు 2028 నుంచి, మిగతావారికి 2030 నుంచి అని అప్పటి ప్రకటన. బాగా దూరం కొట్టేవాళ్ళు 13 నుంచి 15 గజాలు కోల్పోతారని, మనలాంటి వాళ్ళు ఐదు లోపేనని వాళ్ళ అంచనా. నిజం చెప్పాలంటే, ఐదు గజాలు తగ్గినా మా బృందంలో ఎవరూ కనిపెట్టలేరు.

## కెమెరా ముందు

టీవీ చూసేవాళ్ళు ఫోన్ చేసి పెనాల్టీ వేయించేవారట. ఇంకా అలాగే ఉందా?

లేదు, 2018 జనవరి 1తో ఆగిపోయింది. అంతకుముందు ముప్ఫై ఏళ్ళకు పైగా నడిచింది. 1987లో శాన్ డియాగోలో క్రెయిగ్ స్టాడ్లర్ ప్యాంటుకు బురద అంటకుండా తువ్వాలు పరిచి, దాని మీద మోకాళ్ళూని చెట్టు కిందినుంచి కొట్టాడు. మర్నాడు ఆ దృశ్యం మళ్ళీ వేస్తే చూసినవాళ్ళు ఫోన్ చేశారు. నిలబడే చోటును సవరించుకున్నట్టే కదా! పెనాల్టీ లేని కార్డు మీద అప్పటికే సంతకమైపోయింది కాబట్టి డిస్‌క్వాలిఫికేషన్.

ఆ పద్ధతికి అంతం పలికింది 2017 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో జరిగిన ఏఎన్‌ఏ ఇన్‌స్పిరేషన్ అనే మహిళల టోర్నమెంట్. లెక్సీ థాంప్సన్ శనివారం 17వ గ్రీన్ మీద బారెడు కూడా లేని పట్‌కు బంతి ఎత్తి గుర్తు పెట్టింది, తిరిగి పెట్టేటప్పుడు ఒక అంగుళం పక్కన పెట్టింది. ఆదివారం ఒక ప్రేక్షకుడు ఈమెయిల్ పంపాడు. ఆధిక్యంలో ఉండి పన్నెండో హోల్ ముగించిన ఆమెకు నాలుగు స్ట్రోకుల పెనాల్టీ అని చెప్పారు. తప్పు చోటునుంచి ఆడినందుకు రెండు, దాన్ని కలపని కార్డు మీద ముందురోజు సంతకం పెట్టినందుకు ఇంకో రెండు. ఏడుస్తూనే ఆడి సమం చేసింది, ప్లేఆఫ్‌లో కొరియా క్రీడాకారిణి సో యోన్ రియు చేతిలో ఓడింది.

బంతిని తప్పు చోట పెట్టిన మాట నిజమే, అందులో వాదన లేదు. అయితే తప్పు జరిగిన మర్నాడు, ఇంటి సోఫాలోంచి, ఆధిక్యంలో ఉన్న మనిషి మీదే తీర్పు రావడం ఎవరికీ మింగుడుపడలేదు. ఇప్పుడు ప్రసారాన్ని చూడటానికి అధికారులనే పెడతారు, బయటి ఫోన్లు తీసుకోరు. తెలియని పెనాల్టీకి కార్డు మీద వేసే ఆ అదనపు రెండూ తీసేశారు.

కంటికి కనబడని ఇసుకరేణువు కదిలినా పెనాల్టీయేనా?

ఇప్పుడు కాదు. 2016 యూఎస్ మహిళల ఓపెన్ ప్లేఆఫ్‌లో ఆనా నార్డ్‌క్విస్ట్ క్లబ్ బంకర్లో ఇసుకను తాకింది. ఆమెకు తెలియదు, పక్కవాళ్ళకు కనబడలేదు. దగ్గరి కెమెరాలో రెండు మూడు రేణువులు కదిలాయి. రెండు స్ట్రోకులు వేశారు, బ్రిటనీ లాంగ్ గెలిచింది. 2017 నుంచి ఇలాంటప్పుడు మామూలు కంటికి కనబడుతుందా అన్నదే కొలమానం. కనబడదనిపిస్తే వీడియో ఏం చూపినా పెనాల్టీ లేదు. కానీ ఇసుక తగిలినట్టు మీ చేతికి తెలిస్తే ఈ మినహాయింపు మీకు వర్తించదు. అప్పుడు చెప్పాల్సింది మీరే.

ఆటగాడు "నేను చూడలేదు" అన్నా పెనాల్టీ వేస్తారా?

వేస్తారు. 2025 బ్రిటిష్ ఓపెన్ రెండో రౌండులో పోర్ట్‌రష్ 12వ హోల్ దగ్గర షేన్ లౌరీ ప్రాక్టీస్ స్వింగ్‌కు బంతి కొద్దిగా కదిలిందని వీడియోలో తేలింది. తనకు కనబడలేదన్నాడు, రెండు స్ట్రోకులు తీసుకున్నాడు. వాదించి గెలిచినా పేరు చుట్టూ గుసగుసలు మిగలడం తనకిష్టం లేదన్నట్టు మాట్లాడాడు. ఈ ఆటలో శిక్ష కంటే పేరు పోవడానికే ఎక్కువ భయపడతారు.

ఇన్ని కెమెరాలున్నా మోసగాళ్ళు ఎందుకు దొరకరు?

కెమెరా పొరపాట్లను పట్టినంత బాగా మోసాన్ని పట్టదు. పైగా అది ముందున్న పది మంది వెనకే తిరుగుతుంది. నలభయ్యో స్థానంలో ఉన్నవాడు రఫ్‌లో (పొడవు గడ్డిలో) ఏం చేశాడో చూసే లెన్స్ ఉండదు.

2019లో బహామాస్‌లో జరిగిన హీరో వరల్డ్ ఛాలెంజ్ చూడండి. ప్యాట్రిక్ రీడ్ ప్రాక్టీస్ స్వింగ్‌లో బంతి వెనక ఇసుకను రెండుసార్లు తోసినట్టు వీడియోలో స్పష్టంగా ఉంది. రెండు స్ట్రోకులు వేశారు. కావాలని చేయలేదని, కెమెరా కోణం అలా చూపిస్తోందని ఆయన అన్నాడు. ఆ నియమానికి ఉద్దేశంతో పని లేదు కాబట్టి అధికారులు ఆ ప్రశ్నలోకే వెళ్ళలేదు. ఇసుక కదిలిందని వీడియో చెప్పింది, మనసులో ఏముందో చెప్పలేదు. జనం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

## కార్డు ఇచ్చేటప్పుడు, ఇచ్చాక

తప్పు స్కోరు మీద సంతకం పెడితే ఏమవుతుంది?

ఏదైనా హోల్‌కు అసలు కంటే తక్కువ రాసి ఉంటే డిస్‌క్వాలిఫికేషన్. ఎక్కువ రాసి ఉంటే ఆ ఎక్కువే ఖాయం. తెలియని పెనాల్టీని కలపకపోవడం వల్ల తక్కువైతే మాత్రం ఆ పెనాల్టీ కలిపి వదిలేస్తారు. మొత్తం కూడటం కమిటీ పని, కూడికలో తప్పుకు మీ బాధ్యత లేదు.

1968 మాస్టర్స్‌లో అర్జెంటీనాకు చెందిన రొబెర్తో డి విసెంజో 17వ హోల్‌లో మూడు కొట్టాడు. మార్కర్ టామీ ఆరన్ నాలుగని రాశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. 65 కాస్తా 66 అయింది, బాబ్ గోల్బీతో ఆడాల్సిన ప్లేఆఫ్ పోయింది. ఆ రోజు ఆయన పుట్టినరోజు. 2024 ఫిబ్రవరిలో జోర్డన్ స్పీత్ కూడా రివియెరాలో నాలుగు కొట్టిన హోల్‌కు మూడని ఉన్న కార్డు మీద సంతకం పెట్టి టోర్నమెంట్ నుంచే బయటికి పోయాడు. ఫోన్‌లో ప్రతి షాట్ లెక్క కనబడే రోజుల్లో ఇది చాదస్తమే కదా అంటారు. నేనైతే ఉంచాలనే అంటాను. ఆ రెండు నిమిషాలు కూర్చుని సరిచూసుకోవడం కూడా ఆటలో భాగమే.

ఇంటికొచ్చాక తప్పు గుర్తొచ్చింది. చెప్పాలా?

పోటీ ముగియకపోతే వెంటనే చెప్పండి. ముగిశాక గుర్తొస్తే, అప్పట్లో మీకు నిజంగా తెలియని తప్పుకు సాధారణంగా ఫలితం మారదు. తెలిసే దాచి ఉంటే మాత్రం ఎన్నాళ్ళకైనా డిస్‌క్వాలిఫికేషన్ వేయొచ్చు.

నాకు తన మీద తానే పెనాల్టీ వేసుకున్న బాబీ జోన్స్ కంటే దగ్గరగా అనిపించే మనిషి జె.పి. హేస్. 2008లో పీజీఏ టూర్ అర్హత పోటీలో కేడీ సంచిలోంచి విసిరిన బంతితో ఆడాడు. హోటల్ గదిలో కూర్చున్నాక అది అనుమతి రాని నమూనా బంతేమోనని అనుమానం వచ్చింది. ఎవరూ చూడలేదు, ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు. ఫోన్ చేసి చెప్పాడు. డిస్‌క్వాలిఫై అయ్యాడు, మరుసటి ఏడాది టూర్ కార్డుకు (టూర్‌లో ఆడే అర్హతకు) ఆ దారి మూసుకుపోయింది. కేడీని ఒక్క మాటా అనలేదు, బంతి చూసుకోవాల్సింది తానేనన్నాడు.

తమ మీద తామే పెనాల్టీ వేసుకుని గెలుపు వదులుకున్నవాళ్ళు నిజంగా ఉన్నారా?

ఉన్నారు. 1925 యూఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్ రఫ్‌లో బంతి కదిలిందని చెప్పి ఒక స్ట్రోక్ వేసుకున్నాడు. ఇంకెవరూ చూడలేదు. చివరికి సమమై, ప్లేఆఫ్‌లో విల్లీ మాక్‌ఫర్లేన్ చేతిలో ఓడాడు. మెచ్చుకున్నవాళ్ళతో, బ్యాంకు దోచుకోనందుకు మెచ్చుకున్నట్టుందని అన్నాడని చెబుతారు. 2010లో హార్బర్ టౌన్‌లో జిమ్ ఫ్యూరిక్‌తో ప్లేఆఫ్‌లో ఇంగ్లండ్‌కు చెందిన బ్రయన్ డేవిస్ క్లబ్ వెనక్కి తీసేటప్పుడు ఒక ఎండు రెల్లుపుల్లకు తగిలింది. తనే రిఫరీని పిలిచాడు, రెండు స్ట్రోకులు పడ్డాయి, గెలుపు ఫ్యూరిక్‌ది.

## హ్యాండిక్యాప్ దగ్గర

శాండ్‌బ్యాగర్ అంటే ఎవరు? యాప్ వచ్చాక తగ్గారా?

బాగా ఆడగలిగీ హ్యాండిక్యాప్ ఎక్కువగా ఉంచుకుని, బహుమతి ఉన్న రోజు విజృంభించేవాడు. క్లబ్ గోల్ఫ్‌లో అసలు మోసం ఇదే అని నా నమ్మకం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ దొంగ చేతిలోనే లెక్కల పుస్తకం ఉంది.

2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ చివరి 20 స్కోర్లలో మెరుగైన 8 తీసుకుని సగటు కడుతుంది. కాబట్టి నాలుగు చెత్త రౌండ్లు ఎక్కించినంత మాత్రాన పెద్దగా పెరగదు. హ్యాండిక్యాప్ ఇండెక్స్ కంటే 7 మెరుగ్గా ఆడితే ఒకటి, 10 మెరుగ్గా ఆడితే రెండు అదనంగా కోత పడుతుంది. ఏడాదిలో ఎంత పెరగొచ్చో దానికీ కళ్ళెం ఉంది. ఇవన్నీ మంచివే. కానీ యంత్రానికి తెలిసేది మీరు ఎక్కించిన స్కోర్లే. మంచి రౌండ్లు ఎక్కించకుండా వదిలేసేవాణ్ణి అది పట్టదు. మనుషులే పట్టాలి. ఫలానా వ్యక్తి నెలకు ఎన్నిసార్లు ఆడుతున్నాడు, ఎన్ని స్కోర్లు పంపాడు అని టీ బుకింగ్ రిజిస్టరు, యాప్ పక్కపక్కన పెట్టి చూస్తే పది నిమిషాల్లో బొమ్మ తేలిపోతుంది. హ్యాండిక్యాప్‌ను తగ్గించే అధికారం కమిటీకి ఉంది. అడిగే ధైర్యమే కరువు.

ఒక్కణ్ణే ఆడి స్కోరు ఎక్కించొచ్చా?

వద్దు. కనీసం ఇంకొకరు పక్కన ఉండాలి.

మా పాపకు పదకొండేళ్ళు. జూనియర్ పోటీల్లో కొందరు తల్లిదండ్రులు తాడు అవతలి నుంచి సైగలు చేస్తున్నారు. ఏం చేయమంటారు?

ముందు కమిటీకి చెప్పండి. ఆ తల్లిదండ్రులతో మీరు నేరుగా తగువు పడకండి, పిల్లలు అక్కడే ఉంటారు. పోటీ మధ్యలో కేడీ దగ్గర, జట్టు ఆటైతే భాగస్వామి దగ్గర తప్ప ఎవరి దగ్గరా సలహా అడగకూడదన్నది నియమం. కావాలని సైగలు చూసి ఆడే పిల్లకే పెనాల్టీ పడుతుంది.

మీ పాపకు మాత్రం ఒక పని నేర్పండి. ఏం చేయాలో తోచక, పక్కవాళ్ళు ఒత్తిడి చేస్తుంటే స్ట్రోక్ ప్లేలో రెండు బంతులతో ఆ హోల్ పూర్తి చేయొచ్చు. ఇంకో స్ట్రోక్ కొట్టకముందే "రెండు బంతులు ఆడుతున్నా, నియమం ఒప్పుకుంటే ఈ బంతి లెక్క" అని మార్కర్‌కు చెప్పాలి. రెండింటి స్కోర్లూ రాసుకుని, రెండూ సమానంగా వచ్చినా సరే, కార్డు ఇచ్చే ముందు కమిటీకి చెప్పాలి. చెప్పకపోతే డిస్‌క్వాలిఫికేషన్. మొదటిసారి పాపకు టెన్షన్‌గానే ఉంటుంది. ఇంటి దగ్గర ప్రాక్టీస్‌లోనే ఒకట్రెండుసార్లు పైకి అనిపించండి.